నేల విడవని నడక

మా అక్క తన జీవితం మొత్తం మీద పరిగెత్తింది రెండేళ్ళు. దానికి ముందు ఉద్యోగం పరిగెత్తనివ్వలేదు, ఆ తర్వాత మోకాళ్ళు పరిగెత్తనివ్వలేదు.

ఉద్యోగం అంటే నర్సు ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళు ఒకే ఆసుపత్రి. అందులో చివరి పదహారేళ్ళు నలభై మంచాల వార్డుకు పెద్ద నర్సు. ఆ వార్డులో ఎవరూ పరిగెత్తకూడదు. గోడ మీద అలాంటి బోర్డేమీ ఉండదు. పాత నర్సులు కొత్త నర్సులకు చెవి మెలిపెట్టి నేర్పిన పద్ధతి అది. "నర్సు పరిగెత్తిందంటే పడుకున్నవాళ్ళందరికీ ఎవరో పోతున్నారని అనుమానం వస్తుందిరా," అని అక్క చెప్పేది. "ఒకరి కోసం పరిగెత్తి నలభైమందికి గుండెదడ తెప్పిస్తామా? మంటలు లేస్తే తప్ప పరుగు లేదు." అందుకని ఆమె నడిచేది. ఒకసారి ఇంటి తాళంచెవి ఇచ్చి రావడానికి నేను ఆ వార్డుకు వెళ్ళాను. ఈ చివర మందుల బీరువా దగ్గర కనిపించిన మనిషి నేను గొంతు సవరించుకునేలోగా ఆ చివర కిటికీ దగ్గర తేలింది. చేతిలో ట్రే, ట్రేలో గ్లాసు, గ్లాసులో నీళ్ళు తొణకలేదు. నేను అందుకోవాలని వెనకాలే పరిగెత్తాను. నలభైమంది రోగుల ముందు నన్ను నిలబెట్టి కడిగేసింది.

ఇక నా సంగతి చెప్పాలంటే, నేను బస్సు డ్రైవర్ని. ముందు బండి నిదానంగా పోతుంటే హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేని రకం. రిటైరయ్యాక హారన్ పోయింది గానీ చేతి దురద పోలేదు. అది తీర్చుకోవడానికే పొద్దుటి పరుగుల గుంపులో చేరాను. మా గుంపులో అందరికీ అరవై దాటింది. అందరూ ఆరోగ్యం కోసం పరిగెడుతున్నామని ఇంట్లో చెప్పి వస్తారు. అబద్ధం. పక్కవాణ్ణి దాటడానికి వస్తారు. రెండు సెకన్ల తేడా మీద గొడవపడి రెండు నెలలు మాటలు మానేసినవాళ్ళున్నారు మాలో. ఒకణ్ణి నేను. రెండోవాడు కత్తెర. అసలు వృత్తి దర్జీ పని, ఇప్పుడు మానేశాడు. కాళ్ళూ నోరూ రెండూ ఒకే పదును కాబట్టి ఆ పేరు వాడికి అతికినట్టు సరిపోయింది.

బావ పోయినప్పుడు అక్కకు అరవై రెండు. కార్యక్రమాలన్నీ అయ్యాయి, వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను ఏ ఉదయం వెళ్ళినా ఆమె మంచం అంచున కూర్చుని ఉండేది. ఒక కాలికి చెప్పు ఉండేది, రెండోది చేతిలో ఉండేది. పది గంటలకు వెళ్ళినా అదే. ఎక్కడికి బయల్దేరావక్కా అంటే తెలియదు అనేది. నాకు దుఃఖం కంటే కోపం ముందు వచ్చే అలవాటు. ఒకరోజు ఆ చేతిలో చెప్పు లాక్కుని, వెంట తెచ్చిన నా భార్య బూట్లు ఆమె కాళ్ళకు తొడిగి, గుంపు దగ్గరికి లాక్కుపోయాను. అక్కడ కత్తెర గాడు ఆమెను చూసి, "మీ తమ్ముడిలాగే మీరూ నత్తలా పరిగెడతారా?" అన్నాడు. అక్క ఏడాదిలో మొదటిసారి నవ్వింది. పరిగెత్తింది కూడా. అలా రెండేళ్ళు.

ఆ తర్వాత మోకాలు వాచింది. ఎముకల మధ్య మెత్త అరిగిపోయిందని, పరుగు మాట మళ్ళీ ఎత్తొద్దని డాక్టరు తేల్చేశాడు. నేను పక్కనే ఉన్నాను. అక్క, "నడవచ్చా?" అంది. నడవొచ్చన్నాడు. "ఎంత వేగంగా అయినా?" అంది. వెనకాల ఇంకో పదిమంది కాచుకుని ఉన్నారు, ఆయన ఆలోచించలేదు. "మీ ఇష్టమమ్మా," అన్నాడు. అక్కకు ఆ మాట చాలు.

మా గుంపులో ఒక మేష్టారున్నారు. బడిలో వ్యాయామం నేర్పి రిటైరయ్యారు, నడక పందేలకు జడ్జీగా వెళ్తుంటారు. ఆయనే అక్కకు పందెం నడక నేర్పారు. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ అందులో సూత్రాలు రెండే. ఏ క్షణంలోనూ రెండు పాదాలూ ఒకేసారి గాల్లో ఉండకూడదు. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పుడు మోకాలి దగ్గర వంగి ఉండకూడదు. మొదటి సూత్రం తప్పితే నడక కాస్తా పరుగైపోతుంది. ఆ రెండూ పాటిస్తూ వేగం పెంచాలంటే నడుము తిప్పక తప్పదు. ఆ నడుము తిప్పడం చూసి మా గుంపు వారం రోజులు నవ్వుకుంది. కత్తెర అయితే వెనకాల అనుకరిస్తూ నడిచాడు. ఎనిమిదో రోజు వంతెన ఎక్కేటప్పుడు అక్క నడుస్తూ, పరిగెడుతున్న కత్తెరను దాటిపోయింది. ఆ రోజుతో నవ్వులు ఆగిపోయాయి.

ఏటా మా ఊళ్ళో పెద్ద వయసువాళ్ళకు పది కిలోమీటర్ల రోడ్డు పందెం జరుగుతుంది. పరిగెత్తేవాళ్ళూ, నడిచేవాళ్ళూ ఒకే రోడ్డు మీద, ఒకేసారి. నడిచేవాళ్ళకు గడువు ఎనభై నిమిషాలు. రానివాళ్ళను వెనకాల వచ్చే వ్యాను ఎక్కించుకుంటుంది. పోయిన ఏడు అక్కను ఎక్కించుకుంది. కిటికీ పక్కన కూర్చుని, గెలుపు గీత దగ్గర నిలబడ్డ మమ్మల్ని దాటుకుని వెళ్ళింది. మావైపు చూడలేదు.

అది చాలదన్నట్టు చలికాలంలో ఒక ఉదయం నడకలో పగిలిన రాతి పలక మీద కాలు జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అక్కకు ఒక్కతే కూతురు, తల్లి దగ్గరే ఉంటుంది, కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షలు చేస్తుంది. ఆ పిల్ల ఆరు వారాలు తల్లికి తల దువ్వింది, బట్టలు తొడిగింది. కట్టు విప్పిన రోజు అక్కనూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టింది.

"అమ్మా, నాకు భయంగా ఉంది. నువ్వు బయటికి వెళ్ళిన ప్రతి పొద్దున్నా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాను. ఇంక చాలు."

అక్క నోరు తెరిచేలోగా నేను తెరిచాను. నాకూ ఆ పిల్లకూ పెద్ద రభస అయింది. చివరికి ఆ పిల్లే ఒక మెట్టు దిగింది. "సరే. ఈ ఏడు పందెంలో గడువులోగా వస్తే నేనింక నోరెత్తను. వ్యానులో వస్తే మాత్రం పొద్దుటి గుంపు బంద్. నడవాలనుంటే హాల్లో నడువు."

"మాట మీదుంటావా?" అంది అక్క.

"నేనుంటాను. నువ్వుండు."

అలా ఒప్పందం కుదిరింది. ఎవరికైనా ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మంచం అంచున ఆ మనిషిని చూసినవాణ్ణి కాబట్టి నాకు చిన్నగా కనిపించలేదు. పందెం ముందు రోజు నాకు అన్నం సహించలేదు.

పందెం రోడ్డు రెండు కిలోమీటర్ల చుట్టు. క్రీడా మైదానం గేటు దగ్గర మొదలై, గిడ్డంగుల పక్కనుంచి పోయి, ఫైర్ స్టేషన్ దగ్గర తిరిగి, మూసిన దుకాణాల వరస మీదుగా గేటుకే వస్తుంది. ఐదు చుట్లు. అక్క లెక్క చుట్టుకు పదహారు నిమిషాలు. దారిలో నలుగురు జడ్జీలు నిలబడతారు, పైన మేష్టారు ప్రధాన జడ్జీ. రెండు పాదాలూ లేచినట్టు అనిపిస్తే జడ్జీ ముందు పసుపు పలక చూపించి హెచ్చరిస్తాడు. లేచాయని తేలిపోతే ఎర్ర కార్డు రాసి మేష్టారికి పంపిస్తాడు. గేటు పక్కన బోర్డు మీద ఆ మనిషి నంబరు ఎదురుగా ఒక ఎర్ర గీత పడుతుంది. ముగ్గురు జడ్జీలు తలొకటీ రాసి మూడు గీతలు పడితే పందెంలోంచి తీసేస్తారు. అక్క నంబరు నూట పద్దెనిమిది.

మొదటి మూడు చుట్లు నేను నా పందెం పరిగెత్తాను. కత్తెర నాకు ముప్పై అడుగుల ముందున్నాడు, వాడి వీపు మీద తప్ప నాకు దేని మీదా ధ్యాస లేదు. నాలుగో చుట్టు మొదట్లో, గిడ్డంగుల దగ్గర, ముందు అక్క నడుస్తూ కనిపించింది. అది ఆమెకు మూడో చుట్టు. పక్కకు వచ్చి గడియారం చూసుకున్నాను. ఆమె లెక్కకు అరనిమిషం వెనకబడి ఉంది. ఆమెకూ తెలుసు. మొహం పాలిపోయింది.

కత్తెర వీపు దూరమవుతోంది. ఒక్క క్షణం అటు చూశాను, ఒక్క క్షణం ఇటు చూశాను. తర్వాత నా వేగం తగ్గించుకుని అక్క పక్కన చేరాను.

"నీ పందెం నువ్వు చూసుకోరా," అంది.

"నోరు మూసుకుని నా అడుగు పట్టుకో," అన్నాను.

పట్టుకుంది. నేను మెల్లగా, టపటపమని ఒకే లయలో పరిగెడుతుంటే ఆమె నాకు సరిగ్గా అడుగుకు అడుగు వేసింది. ఫైర్ స్టేషన్ మలుపు దగ్గర పసుపు పలక లేచింది. నేను పట్టించుకోలేదు. పలక చూపించనివాడు జడ్జీ ఎలా అవుతాడు అనుకున్నాను. ఆ చుట్టు పూర్తయ్యేసరికి వెనకబడ్డ అరనిమిషం వచ్చేసింది. బోర్డు మీద నూట పద్దెనిమిది ఎదురుగా ఒక గీత కూడా వచ్చింది.

"ఒకటి ఏం కాదు," అన్నాను. నడిచేవాళ్ళ పందెం గురించి నాకు తెలిసింది అంతే! దుకాణాల దగ్గర ఇంకో పలక లేచింది. నేను ఇంకాస్త వేగం పెంచాను. ముప్పై ఏళ్ళు టైముకు బస్సు చేర్చిన మనిషిని, గడియారం తప్ప నాకేమీ కనిపించడం లేదు. మళ్ళీ గేటు దగ్గరికి వచ్చేసరికి గడువు లెక్కకు ఒక నిమిషం ముందున్నాం. గర్వంగా బోర్డు వైపు చూశాను. రెండు గీతలు.

నా ఐదు చుట్లూ అయిపోయాయి. అక్కకు ఇంకొకటి మిగిలింది.

"పద అక్కా, ఈ చుట్టు కూడా నేనొస్తా."

"నీ పందెం అయిపోయింది. ఆగు."

"ఎవరు చూస్తార్లే!"

"ఆగమంటే ఆగరా! నా పక్కకు రాకు!"

అది వార్డు గొంతు. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఆమె తిరిగి చూడకుండా గిడ్డంగుల వైపు వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా వయసువాళ్ళలో రెండో స్థానం ఈవిడ కోసం వదులుకున్నాను, ఇదా నాకిచ్చే మర్యాద అనుకుంటూ బోర్డు కింద చతికిలబడ్డాను.

కత్తెర టీ కప్పు పట్టుకుని వచ్చాడు. వాడు వచ్చి ఏడు నిమిషాలైందట. "ఏమోయ్, నన్ను పట్టేస్తానన్నావు, దారిలో నిద్రపోయావా?" అన్నాడు. జరిగింది చెప్పాను. అక్క నన్ను కసురుకున్న సంగతి కూడా చెప్పి, న్యాయం చెప్పమన్నాను. వాడు టీ తాగడం ఆపేశాడు.

"ఆవిడ పక్కన ఎంతసేపు పరిగెత్తావ్?"

"దాదాపు రెండు చుట్లు."

"ఆ గీతలు ఎప్పుడు పడ్డాయ్?"

నేను తల ఎత్తి బోర్డు వైపు చూశాను.

"నేను పని నేర్చుకునేటప్పుడు మా దుకాణంలో రెండు తొక్కుడు మెషిన్లు పక్కపక్కనే ఉండేవి," అన్నాడు కత్తెర. "మా గురువు ప్యాంట్లు కుట్టేవాడు, నేను జాకెట్లు. ఆయన తొక్కుడు వింటూ ఉంటే నా కాలు నాకు తెలియకుండానే ఆ లయలో పడిపోయేది. పలచటి బట్ట మీద కుట్టు ఎక్కడికో పోయేది. చెవిలో పడింది కాలు చేస్తుందోయ్, మనం చెప్పింది చెయ్యదు. చివరికి నా మెషిన్ని అవతలి గోడకు జరిపించుకున్నాను. నువ్వు పరిగెడుతున్నావు, అంటే నీ రెండు కాళ్ళూ గాల్లోకి లేస్తున్నాయి. పక్కన ఆ చప్పుడు వింటూ ఆవిడ కాళ్ళు నేలమీద ఎలా ఉంటాయనుకున్నావ్?"

వాడు వెక్కిరించి ఉంటే బాగుండేది. వెక్కిరించలేదు. నా కోపమంతా ఒక్కసారిగా చల్లారిపోయింది. సాయం చేస్తున్నాననుకుని ఆ రెండు గీతలూ నేనే గీయించాను. ఇంకొక్కటి పడితే మా అక్కను హాల్లోకి తోసేసింది నేనే అవుతాను.

అప్పుడే మేనకోడలు వచ్చింది. దుకాణం తెరిచే వేళ దాకా వీలుందని, నేరుగా పని బట్టల్లోనే వచ్చేసింది. "అమ్మ ఎక్కడ మామయ్యా? ఆ ఎర్ర గీతలేంటి?" అంది. చెప్పాను. మూడో గీత పడితే ఏమవుతుందో కూడా చెప్పాను. నేను చేసిన ఘనకార్యం కూడా దాచలేదు. తిడుతుందనుకున్నాను. బోర్డు వైపు చూస్తూ ఉండిపోయింది.

"తీసేస్తే నీ మాటే నెగ్గినట్టేగా," అన్నాను. అనకూడని మాట, నోటి దురద.

"మామయ్యా, నువ్వు కాసేపు మాట్లాడకు," అంది. నా మోచెయ్యి పట్టుకుంది.

డెబ్బై నిమిషాలు దాటాయి. సైకిలు మీద ఒకతను ఎర్ర కార్డులు పట్టుకుని వచ్చాడు. మేష్టారు వాటిని చూసి ఒకటి బోర్డు దగ్గరి మనిషికి ఇచ్చారు. ఆ మనిషి ఎర్ర సుద్ద తీసుకుని, నంబర్ల మీద వేలు జరుపుకుంటూ కిందికి వస్తున్నాడు. నూట పది. నూట పదిహేను. వేలు ఆగింది.

"వద్దు వద్దు వద్దు," అంటోంది మేనకోడలు, నాకే వినపడేంత మెల్లగా.

వేలు ఇంకా కిందికి జరిగింది, నూట ఇరవై మూడు ఎదురుగా సుద్ద గీత పడింది. ఆ నంబరు ఎవరిదో గానీ, ఆయనకు నా క్షమాపణలు. ఆ క్షణంలో నేను సంతోషంతో గట్టిగా ఊపిరి వదిలాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

డెబ్బై ఎనిమిది నిమిషాలకు కూడా రోడ్డు మీద అక్క లేదు. వ్యాను లైట్లు మాత్రం దుకాణాల చివర కనిపిస్తున్నాయి. నేను కళ్ళు చిట్లించాను. కళ్ళు పరీక్షించే పిల్ల కదా, తనే ముందు చూసింది. "అదిగో!" అని అరిచింది.

వ్యానుకు బాగా ముందు, రోడ్డు మధ్యలో, ఒక్కతే. చేతులు ఛాతీ దగ్గర ఊగుతున్నాయి, నడుము తిరుగుతోంది, తల మాత్రం కదలడం లేదు. చివరి వంద అడుగుల్లో ఎవరైనా ఎగిరి దూకుతారు. గడియారం డెబ్బై తొమ్మిది దాటడం ఆమె చూసింది, నేను చూశాను. అయినా తొందరపడలేదు. మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. కత్తెర కేకలు వేస్తున్నాడు. నేను నోరు రెండు చేతులతో మూసుకున్నాను. నా గొంతు చెవిలో పడ్డా ఆమె అడుగు తప్పుతుందేమోనని భయం.

డెబ్బై తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లకు గీత దాటింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, ఎందుకంటే మేష్టారు చేతిలో కాగితం పట్టుకుని ఆమె వైపు నడుస్తున్నారు. చివరి చుట్టులో రాసిన ఎర్ర కార్డు, మనిషి గెలుపు గీత దాటాక కూడా వచ్చి చేరుతుంది. తీసేస్తే ఆ మాట మనిషికి ఎదురుగా నిలబడి చెప్పాలి, అది ప్రధాన జడ్జీ పని. అక్కకు ఆ సంగతి తెలుసు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్న మనిషి ఆయన్ని చూసి నిటారుగా నిలబడింది.

"చెప్పండి మేష్టారూ."

"చివరి చుట్టు నలుగురూ మీ పాదాల మీదే కళ్ళు పెట్టుకున్నారమ్మా. మీరు మూడోదానికి దగ్గర్లో ఉన్నారుగా, వదులుతారా?" అన్నారాయన. "పసుపు పలక కూడా ఎత్తలేకపోయామన్నారు. నా ఇరవై ఏళ్ళ జడ్జీగిరీలో అంత శుభ్రమైన చుట్టు నేను నాలుగైదు సార్లకు మించి వినలేదు. ఇదిగో మీ టైము. ఇక్కడ సంతకం పెట్టండి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతకంటే వేరే మాట లేదు. అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాను. అక్క సంతకం పెట్టి, ఆ కాగితం మడతపెట్టి, వచ్చి నా పక్కన కూలబడింది. "అక్కా, ఆ రెండు గీతలూ నా వల్లే," అన్నాను. "తెలుసులేరా," అంది. "నీ మనసు నొచ్చుకుంటుందని ముందే చెప్పలేకపోయాను. ఇంకో చుట్టు నీ మనసు చూసుకుంటే నా కొంప మునిగేది." వీపు మీద ఒకటి చరిచింది. గట్టిగానే తగిలింది.

మేనకోడలు ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని తల్లి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, నాకు భయం పోలేదు," అంది తల ఎత్తకుండా. "ఇందాక బోర్డు దగ్గర నిలబడ్డప్పుడు తెలిసింది. నువ్వు పడిపోతావన్న భయం కంటే, నిన్ను తీసేస్తారేమోనన్న భయం పెద్దదిగా ఉంది."

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురి తల మీద చెయ్యి వేసింది. "రేపొక్కరోజు పడుకుంటాలే," అంది.

"ఎందుకు పడుకోవడం?" అంది ఆ పిల్ల. బూటు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "మామయ్యా, రేపు ఐదున్నరకి వచ్చి తలుపు కొట్టు. నేనే తీస్తాను."